ఉప్పుకొట్టులో సిరా బొమ్మ

తరంగపురి అంగడివీధి అందం చెప్పాలంటే వేయి నోళ్లు కావాలంటారు. పగడపు రంగు రాళ్లు పరిచిన బాట. బాటకు రెండు పక్కలా నెమలికంఠం రంగు పందిళ్లు. పందిళ్ల కింద కస్తూరి, కర్పూరం, మేలిముత్యాల పేర్లు, దంతపు దువ్వెనలు, దూరద్వీపాల నుంచి ఓడల్లో దిగి ఇంకా అక్కడి భాషలోనే తిట్టుకుంటున్న చిలకలు. సముద్రపు గాలి వీచినప్పుడల్లా ఆ పరిమళాలన్నీ కలిసి ఊరంతా వ్యాపించేవి. అక్కడ నడిచినవాడికి స్వర్గం ఇంతకన్నా ఏం బాగుంటుందిలే అనిపించేది. ఆ వెంటనే వీధి నడుమ ఉన్న సుంకపు మండపం కనబడేది. స్వర్గం సంగతి అంతటితో సరి.

ఆ మండపంలో ఒక స్తంభానికి కాలిగొలుసుతో కట్టేసిన యువకుడు కూర్చుని మనుషుల ముఖాలు గీస్తుండేవాడు. అతని పేరు పుష్కరుడు. ఆముదపు దీపం మసిలో తుమ్మబంక కలిపి రాతి మీద నూరిన సిరా, ఉడుతతోక వెంట్రుకల కుంచె, పలచని భూర్జపత్రం, ఇవే అతని సరంజామా. రంగులు లేవు, నగలు లేవు, వెనకాల చెట్టూ చేమా లేవు. కనుబొమతో మొదలుపెట్టి, ముక్కు దింపి, పెదవి తిప్పి, గడ్డం దగ్గర కుంచె ఎత్తేసేవాడు. గీతలు కొద్దే, కాని మనిషి మొత్తం దిగేవాడు. వలలు అల్లే ముసలివాడి చెంప మీద ఒక్క వంపు గీస్తే లోపల పళ్లు లేవని తెలిసిపోయేది. గాజుల వర్తకుడు కదలకుండా నిలుచున్నా, వాడి కళ్లు దుకాణం వైపే ఉన్నాయని బొమ్మ చెప్పేసేది. గీయించుకున్నవాడు బొమ్మ చూసి, "ఓరి, ఇది నేనేరా!" అని ఫక్కున నవ్వేవాడు. నవ్వాక, ఈ బొమ్మ ఎక్కడికి పోతుందో గుర్తొచ్చి నోరు ఎండిపోయేది.

బొమ్మలన్నీ వెదురుగొట్టంలోకి ఎక్కి, సముద్రం మధ్యనున్న లవణదుర్గానికి, ధూమకంఠుడనే మాంత్రికుడి దగ్గరికి పోయేవి. సాయంత్రానికి తిరిగొచ్చేవి. ఏ బొమ్మ నుదుట ఎర్రచుక్క ఉంటే ఆ బొమ్మ తాలూకు మనిషిని బొమ్మతో సహా దుర్గానికి తీసుకుపోయి, కింది సుడిగుండంలోకి విసిరేసేవారు.

ఇదంతా ఒక్క ముఖం కోసం. తరంగపురి రాజులు ముత్యాల ముసుగు లేకుండా బయటికి రారు, అది తరతరాల ఆచారం. రాణీ, పట్టాభిషేకం రోజున బొమ్మ గీసే ఆస్థాన చిత్రకారుడూ తప్ప రాజు ముఖం చూసినవాడు లేడు. ఎడారి దేశం నుంచి దండెత్తి వచ్చిన ప్రచండకేతుడు, మణిధర మహారాజును అంతఃపురంతో సహా తగలబెట్టి సింహాసనం ఎక్కాడు. ఎక్కాక తెలిసింది, చంటిబిడ్డను ఎవరో మంటల్లోంచి ఎత్తుకుపోయారని. ఆ బిడ్డ ఇప్పుడు పెరిగి పెద్దవాడై ఎక్కడో ఉన్నాడు. వాణ్ణి తండ్రి పోలికతో పట్టుకుందామంటే తండ్రి ముఖం ఎవరికీ తెలియదు. మిగిలింది పట్టాభిషేకం నాటి సిరా బొమ్మ ఒక్కటే, అదీ ధూమకంఠుడి మెడలోని వెండిగొట్టంలో ఉంది. రాజకుమారుణ్ణి పట్టించినవారికి అర్ధరాజ్యమన్నాడు ప్రచండకేతుడు. అందుకని మాంత్రికుడు ఆ బొమ్మను రాజుకు కూడా చూపించలేదు. దానితో రవ్వంత పోలిక కనబడినా చుక్క పెట్టేసేవాడు. గీసేవాడికైతే అసలే చూపించకూడదన్నాడు, చూస్తే చేయి అటే లాగుతుందని.

మరి మనుషుల్ని తన కళ్లతోనే చూసుకోవచ్చు కదా అంటారేమో. చూడలేడు. పొగపిశాచానికి మొక్కి విద్యలు సంపాదించిన రోజున, బదులుగా అది వాడి చూపులోంచి బతికున్న ముఖాలన్నీ తీసేసుకుంది. ఎవరిని చూసినా భుజాల మీద ఇంత పొగ కనబడేది వాడికి. గీసిన ముఖం మాత్రం గీతగీతా కనబడేది. తల్లి చావుబతుకుల్లో ఉంటే తల్లిని గుర్తుపట్టలేక పక్కింటావిడ మీద పడి ఏడ్చాడని చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గాని, నిజమైతే బాగుండునని ఊరంతా కోరుకునేది.

పుష్కరుడు ఈ పాపిష్టి పనికి ఎలా ఒప్పుకున్నాడంటే, ఒప్పుకోలేదు. అతణ్ణి అడవిపల్లెలో పెంచి పెద్ద చేసి, కుంచె పట్టడం నేర్పినవాడు వేదగర్భుడనే ముసలి చిత్రకారుడు. పుష్కరుడికి తండ్రయినా, తాతయినా, గురువైనా ఆయనే. మణిధర మహారాజు బొమ్మ గీసిన ఆస్థాన చిత్రకారుడు ఈయనేనని ప్రచండకేతుడి భటులు ఎలాగో ఆరా తీసి పట్టుకున్నారు. ముసలాయన్ను దుర్గంలోని ఉప్పుకొట్టులో వేసి, మనవడేనని నమ్మి కుర్రవాణ్ణి ఇక్కడ కట్టేశారు. రాజకుమారుడు దొరికిన రోజున ముసలివాణ్ణి వదిలేస్తామని మాట ఇచ్చారు. మొదటి రోజు పుష్కరుడు గీయనన్నాడు. సాయంత్రం అరిటాకులో చుట్టిన పొట్లం వచ్చింది. విప్పితే తాత కుడిచేతి చిటికెనవేలు. సిరా పట్టి పట్టి గోరు చుట్టూ నల్లబడిన ఆ వేలిని అతను వెంటనే గుర్తుపట్టాడు. మళ్లీ మొండికేసిన రోజున మరో వేలు వచ్చింది. ఆ తరవాత మొండికెయ్యలేదు.

పైగా రోజూ మనసులో ఒక మొక్కు మొక్కుకునేవాడు. ఆ రాజకుమారుడెవడో తొందరగా దొరికి చావాలి, తాత బయటికి రావాలి అని. మనిషి తనవాళ్ల కోసం ఎంత నీచమైన మొక్కయినా మొక్కుతాడు.

ఆ రోజున వరసలో బూరెల పుండరీకుడు నిలబడ్డాడు. మొదట్లో కుర్రవాళ్లనే గీయించేవారు. ఎవరినో దాచిపెట్టి ముసలివేషం కట్టిస్తున్నారన్న అనుమానంతో తరవాత ఈడు చూడటం మానేశారు. పుండరీకుడు బూరెలు వేయించి అమ్ముకునే లావుపాటి మనిషి. చేతులకు పిండి, పొట్ట మీద నూనె మరకలు.

"నా బుగ్గలు రెండూ పట్టేంత పత్రం ఉందా నాయనా నీ దగ్గర? లేకపోతే చెప్పు, ఒక్క బుగ్గే ఇస్తాను" అన్నాడు.

పుష్కరుడికి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. నవ్వుతూనే గీశాడు. గడ్డం కింది గడ్డం కూడా వెయ్యమని, దాన్ని పెంచడానికి నెయ్యి చాలా పోశానని పుండరీకుడు పోరు పెట్టాడు. బొమ్మ చూసుకుని, పెళ్లాం చూస్తే ఇంకోసారి ప్రేమిస్తుందని మురిసిపోయాడు.

బొమ్మ ఎర్రచుక్కతో తిరిగొచ్చింది. అప్పటికీ పుండరీకుడు పరాచికమే అనుకున్నాడు. తనకూ మణిధర మహారాజుకూ ఈడు చూస్తే తాను అన్నగారినవుతాను గాని కొడుకునెలా అవుతానని భటుల్ని అడిగాడు. రెక్కలు విరిచి కట్టేటప్పుడు గాని నమ్మలేదు. అప్పుడు పుష్కరుడి వైపు తిరిగి, "నువ్వు చెప్పు నాయనా, ఆ బొమ్మ నాదేనని, వేరే ఎవరిదీ కాదని చెప్పు" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. వాడి పెళ్లాం కాగుతున్న మూకుడు పొయ్యి మీదే వదిలేసి రేవు దాకా పరుగెత్తింది. భటుడొకడు ఈటె వెనక్కి తిప్పి ఆమె కడుపులో పొడిచాడు. మూకుడులో బూరెలు మాడి వీధంతా కంపు కొట్టింది.

పుష్కరుడికి ఆ వాసన ముక్కులోంచి పోలేదు. చప్పిడిముక్కు, బూరెబుగ్గల మనిషికి రాజు పోలిక ఎక్కణ్ణుంచి వచ్చింది? మాంత్రికుడు అబద్ధాలాడుతున్నాడా? ఊరికే మనుషుల్ని చంపి సరదా తీర్చుకుంటున్నాడా? అలాగైతే రాజకుమారుడు దొరికేదీ లేదు, తాత బయటికి వచ్చేదీ లేదు. సంగతి తేల్చుకోవాలనుకున్నాడు.

తేల్చుకోవడానికి సాధనం ఎదురుగానే మీసం మెలేస్తూ తిరుగుతోంది. భటుల నాయకుడు ఉద్దండుడు. ప్రచండకేతుడి వెంట ఎడారి నుంచి వచ్చినవాడు. ఆకారానికి ఏనుగు, బుద్ధికి దోమ. పుష్కరుడికి వచ్చిన అరిటాకు పొట్లాలు విప్పి చూపించి, వేళ్లను పేరుపేరునా పిలిచి నవ్వినవాడూ వాడే. కొత్తగా పెళ్లాడిన పిల్లకు కానుకగా ఇవ్వడానికి తన బొమ్మ గీయమని కొన్నాళ్లుగా సతాయిస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే పుష్కరుడు వాణ్ణి కూర్చోబెట్టి గీశాడు. తెగిన చెవి, మెలి తిరిగిన మీసం, దున్నపోతు మెడ, ఏదీ వదల్లేదు. వాడు చూసుకుని మహా సంతోషించి, ఆరేదాకా ఉంచమని చెప్పి భోజనానికి పోయాడు. పుష్కరుడు ఆ బొమ్మను మిగతా బొమ్మలతో చుట్టి వెదురుగొట్టంలో పెట్టేశాడు. చుక్క పడితే ఉద్దండుడు చస్తాడని తెలుసు. తెలిసే పెట్టాడు. చేయి ఏమాత్రం వణకలేదు.

సాయంత్రం కాకుండానే గొట్టం తిరిగొచ్చింది. భటులు బొమ్మలు విప్పి, నుదుట చుక్క ఉన్న బొమ్మను చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తెగిన చెవి వీధిలో ఇంకెవరికీ లేదు. చుక్క పడినవాణ్ణి విడిచిపెడితే విడిచిపెట్టినవాడు సుడిగుండం పాలని శాసనం చేయించినవాడు ఉద్దండుడే. ముందు ఎవడో సణిగాడు. తరవాత ఇంకెవడో, శాసనం శాసనమే కదా అన్నాడు. రోజూ వాడిచేత తన్నులు తిన్నవాళ్లంతా శాసనం మీద ఎక్కడలేని భక్తితో మీదపడ్డారు. ఉద్దండుడు బొబ్బలు పెడుతూ, తాను పుట్టింది ఎడారిలోనని, తన తండ్రి ఒంటెలు కాసేవాడని చెబుతూనే పడవెక్కాడు. వీధి జనం తలుపుల చాటునుంచి చూసి ఆనందించారు. పుష్కరుడూ ఆనందించాడు. ఆ ఆనందం కాసేపే. ఎడారివాడికీ చుక్క పడిందంటే చిక్కు వేరే ఎక్కడో ఉంది. ఆ చిక్కు విప్పగలిగినవాడు, ఆ రాజు బొమ్మ గీసినవాడు ఒక్కడే, ఉప్పుకొట్టులో ఉన్నాడు.

నాయకుడు పోగానే భటులంతా వాడి ఇల్లు దోచుకోవడానికి ఎగబడ్డారు. పుష్కరుడికి కాపలాగా మిగిలినవాడు తన వాటా పోతోందని గుమ్మానికీ స్తంభానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తాళంచెవి వాడి మొలలోనే ఉంది. వాడు వీధివైపు మెడ సాచిన క్షణంలో పుష్కరుడు సిరా నూరే రాయెత్తి నడినెత్తిన ఒక్కటేశాడు. వాడు కిక్కురుమనలేదు. కాలిగొలుసు విప్పుకుని, వాడి నల్లతలపాగా చుట్టుకుని, ఇసుకగాలికి ఎడారి భటులు ముఖానికి కట్టుకునే నల్లగుడ్డ కట్టుకుని, వెదురుగొట్టం చంకన పెట్టుకుని రేవుకు నడిచాడు. గొట్టం చూసి పడవవాడు మాట్లాడకుండా తెడ్డు అందుకున్నాడు.

లవణదుర్గం దూరం నుంచి చూస్తే వెన్నముద్దలా తెల్లగా ఉంటుంది. గోడల మీద పేరుకున్న ఉప్పు అస్తమయపు ఎండకు మాణిక్యాల్లా మెరుస్తుంది. బురుజుల చుట్టూ తెల్లని సముద్రపు పక్షులు గిరికీలు కొడుతుంటాయి. దగ్గరికి వెళితే ఆ పక్షులు కిందికి ఎందుకు దిగుతున్నాయో తెలుస్తుంది. సుడిగుండం కొన్నిటిని మింగుతుంది, కొన్నిటిని కక్కుతుంది. ఆ సాయంత్రం కక్కినదానికి తెగిన చెవి ఉంది.

చెరసాల అధికారి గొట్టం చూసి లేచి నిలబడ్డాడు. ఉప్పుకొట్టు తాళం కావాలని, దొరవారు ముసలివాడి ఇంకో వేలు తెమ్మన్నారని పుష్కరుడు గొంతు బొంగురు చేసి చెప్పాడు.

"ఇంకా మిగిలాయా?" అన్నాడు అధికారి ఆవులిస్తూ. "గొడ్డలి ఆ మూలనుంది. పదును పెట్టించి చాలా రోజులైంది, కాస్త గట్టిగా వెయ్యి."

ఉప్పుకొట్టంటే రాతిలో తొలిచిన గుహ. సముద్రం వైపు పెద్ద కంత ఉంది, దానికి కమ్మీలు లేవు. కిందనే సుడిగుండం ఉండగా కమ్మీలు దండగ అనుకున్నారు కట్టినవాళ్లు. పోటు వచ్చినప్పుడల్లా నీరు కంతలోంచి ఎగజిమ్మి మోకాటిలోతు నిలుస్తుంది. ఆ నీళ్లలో, కుడి మణికట్టుకు ఇనుపకడియం, కడియానికి రాతిలో దిగిన గొలుసు, ఒంటినిండా ఉప్పుపుళ్లతో వేదగర్భుడు గోడకు ఆనుకుని ఉన్నాడు. గొడ్డలి చూసి, చేయి చాచాడు. ఆ చేతికి బొటనవేలూ, పక్కనున్న వేలూ మాత్రమే ఉన్నాయి.

పుష్కరుడు ముఖంమీది గుడ్డ లాగేశాడు. ముసలాయన పాదాలు ఉప్పునీళ్లలో వెతుక్కుని పట్టుకుని ఏడ్చేశాడు. తాను మొండికేసింది రెండుసార్లే కదా, మూడో వేలు ఎందుకు నరికారని వెర్రివాడిలా అడిగాడు. సరదాకి నరికారని, ఆ సంగతి వదిలేసి ముందు ఎందుకొచ్చావో చెప్పమని ముసలాయన కసిరాడు. పుష్కరుడు గబగబా చెప్పాడు, బూరెల పుండరీకుడి సంగతీ, ఉద్దండుడి సంగతీ. వింటున్నకొద్దీ వేదగర్భుడి ముఖం పాలిపోయింది.

"పాపం నాదిరా పుష్కరా" అన్నాడు చివరికి. "మన విద్యలో ఒక ఆచారం ఉంది. శిష్యుడు కుంచె పట్టగానే మొదట గీయాల్సింది తన ముఖం. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చూసుకుంటూ, విసుగు పుట్టేదాకా తనను తానే గీసుకోవాలి. అప్పుడు గాని వాడి ముఖం వాడి చేతిలోంచి దిగిపోదు. దిగకపోతే ఎవరిని గీసినా వాడి కనుబొమ, వాడి ముక్కుదూలం అందులోకి దూరతాయి. నీచేత ఆ పాఠం చేయించలేదు నేను."

"ఎందుకు చేయించలేదు?"

"నువ్వు నిన్ను గీసుకుంటే అది మణిధర మహారాజు బొమ్మ అవుతుంది కనుక. అలాంటి బొమ్మ నా ఇంట్లో ఉండటానికి భయపడ్డాను. నీ ముఖం దాచాననుకున్నాను. నువ్వు దాన్ని ఊళ్లో అందరి మీదా పెట్టావు."

పుష్కరుడికి రాజునన్న గర్వం రవ్వంత కూడా కలగలేదు. ఏ రాజకుమారుడు చావాలని రోజూ మొక్కుకున్నాడో వాడు తనే. పుండరీకుడు చచ్చింది తన కనుబొమకి. వలలు అల్లే ముసలివాడు, కల్లుగీసే అన్నదమ్ములు, ఇంకా పేర్లు కూడా తెలియని ఎందరో చచ్చింది తన ముక్కుకి. ఆ పాపంలో సగం తనదని తాత ఎంత చెప్పినా అతని చెవికెక్కలేదు.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పుష్కరుడు గుడ్డ ముఖానికి లాక్కుని నిలబడ్డాడు. ఒక చేత్తో దీపం, ఒక చేత్తో ఇనుపదండం, చంకలో చుక్కలు పడ్డ భూర్జపత్రాల దొంతరతో ధూమకంఠుడు వచ్చాడు. మనిషి సన్నగా, బూడిదరంగు పట్టుబట్టల్లో, పెళ్లికి వెళుతున్నంత శుభ్రంగా ఉన్నాడు. మాట్లాడితే పెదవుల మధ్య నుంచి సన్నగా పొగ వచ్చేది.

తలుపు తీసివుండటం చూసి ఎవడు నువ్వని అడిగాడు. బొమ్మలు తెచ్చిన భటుణ్ణని పుష్కరుడన్నాడు. వాడికి కనబడింది నల్లబట్టల మీద ఇంత పొగ. సరే, దీపం పట్టుకోమన్నాడు.

"ముసలాడా, ఇవాళ నా మనిషినే సుళ్లో పారేశాను" అన్నాడు వేదగర్భుడితో. "వాడు అరిచాక గొంతు గుర్తుపట్టాను. అప్పటికి సగం దూరం పడిపోయాడు. పడితే పడ్డాడు గాని, నాకో సంగతి బోధపడింది. చూస్తావా?"

దొంతరను దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. పలచని పత్రాల్లోంచి వెలుగు వచ్చింది. బుగ్గలూ గడ్డాలూ ఒకదాని మీద ఒకటి పడి మసకలైపోయాయి. ఎడమ కనుబొమా, ముక్కుదూలమూ మాత్రం అన్నిటిలోనూ ఒకే చోట పడి, ఒక్కటే నల్లని గీతగా నిలిచాయి. వాడు వెండిగొట్టం మూత తీసి, లోపలి పత్రాన్ని దొంతరకు ముందు పెట్టాలని చూశాడు. చేతులు చాలలేదు. "ఒరే, కళ్లు మూసుకుని ఇది పట్టుకో" అని దాన్ని పుష్కరుడి చేతికిచ్చాడు.

పుష్కరుడు కళ్లు మూసుకోలేదు.

అంచులు కాలిన పత్రం మీద కొద్దిపాటి గీతల్లో ఒక యువకుడు ఉన్నాడు. కిరీటం లేదు, ముసుగు లేదు. కొత్తగా రాజయిన బిడియం పెదవుల దగ్గర కనబడుతోంది. ఎడమ కనుబొమ కొంచెం పైకి ఉంది. తాత కుంచె ఎంత ప్రేమగా నడిచిందో పుష్కరుడికి గీతగీతలో తెలిసింది. తండ్రి ముఖం చూడటం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"గీసినవాడి ముఖమే బొమ్మల్లోకి దిగుతోంది, అవునా ముసలాడా?" అంటున్నాడు ధూమకంఠుడు. "ఆ కుర్రవాణ్ణి తీసుకురమ్మని మనుషుల్ని పంపాను. వాడొచ్చాక నువ్వే వాణ్ణి గీయాలి. నీకు రెండు వేళ్లు వదిలింది ఎందుకనుకున్నావు? ఈ బొమ్మ పక్కన ఆ బొమ్మ పెట్టి ప్రచండకేతుడికి చూపించి, నా అర్ధరాజ్యం నేను తీసుకుంటాను."

ఈ పత్రం ఉన్నంతవరకు తాతకూ తనకూ ఎక్కడికి పోయినా చావు తప్పదని పుష్కరుడికి అర్థమైంది. తుమ్మబంక సిరాకి ఉప్పునీరు పడదు. అది చిత్రకారుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకొక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆ ముఖం చూసి, వంగి నీళ్లలో ముంచి ఆ చేతి వేళ్లతోనే తుడిచేశాడు. కనుబొమ కరిగింది, పెదవి కరిగింది, నల్లని నీరు అతని వేళ్లసందుల్లోంచి పోయింది.

ధూమకంఠుడు దీపం వెలుగులో తెల్లపత్రం చూశాడు. వాడి నోటినుంచి వచ్చింది కేక కాదు, పొగ. అది తాడులా పేనుకుని పుష్కరుడి మెడకు చుట్టుకుని గాల్లోకి ఎత్తేసింది. దీపం నీళ్లలో పడి, కంతలోంచి వచ్చే మసక వెలుగే మిగిలింది. పుష్కరుడి కళ్లు బైర్లు కమ్మాయి, చంకలోని గొడ్డలి జారిపోయింది. "నువ్వేనా? ఆ చేయి నీదేనా?" అని వాడు అంటూనే ఉన్నాడు. వాడికి బతికున్న ముఖాలు కనబడవు, వెనక ఏముందో అసలే కనబడదు. వేదగర్భుడు తన గొలుసును వాడి మెడకు ఒక చుట్టు చుట్టి, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. గొంతు బిగిసింది, పొగ తెగింది. పుష్కరుడు కిందపడి, వాడి ఇనుపదండమే లాక్కుని కణతకేసి మోదాడు. మాంత్రికుడు నీళ్లలో బోర్లాపడ్డాడు. చావలేదు, బుడగలు వస్తున్నాయి. చంపడానికి వ్యవధి లేదు, పైన అరుపులు మొదలయ్యాయి. మండపంలో తల పగిలిన భటుడు లేచాడన్నమాట.

పుష్కరుడు తలుపు మూసి ఇనుపదండం అడ్డంగా గుచ్చాడు. గొడ్డలి వెతికి పట్టుకుని గొలుసు మీద బాదాడు. నిప్పురవ్వలు లేచాయి తప్ప గొలుసు చెక్కుచెదరలేదు. మళ్లీ బాదాడు. తలుపు అవతల ఈటెలు మోగుతున్నాయి.

"ఇది తెగదు తాతా."

"ఇనుము ఎలా తెగుతుందిరా? కొంచెం పైన కొట్టు" అన్నాడు వేదగర్భుడు.

పుష్కరుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి జరిగాడు. తనవల్ల కాదన్నాడు. తనను వదిలేసి పొమ్మని ఆయన అంటాడని ఆశపడ్డాడు, అంటే కోప్పడి కాదనొచ్చునని. ఆయన అలా అనలేదు. బతకాలని ఉందన్నాడు. ఎండలో కూర్చుని వేడివేడి జావ తాగాలని ఉందన్నాడు.

చేతిని రాతి అంచుమీద పెట్టాడు. ఆ చేయి పుష్కరుడి పిడికిలిని తనలో పెట్టుకుని మొదటి గీత గీయించిన చేయి.

"గీత గీసేటప్పుడు నీకేం చెప్పేవాణ్ణి? చేయి వణికితే మళ్లీ గీయాల్సి వస్తుందని చెప్పేవాణ్ణా? ఇదీ అంతే నాయనా. ఒక్కసారే గియ్యి."

పుష్కరుడు కళ్లు తుడుచుకున్నాడు, చోటు సరిగ్గా కనబడాలని. గొడ్డలి ఎత్తాడు. చేయి వణకలేదు.

ముసలాయన అరవలేదు, నాలుక కొరుక్కున్నాడు. పుష్కరుడు నల్లతలపాగా చించి మొండిచేతికి బిగించి కట్టి, ఆయన్ను భుజాన వేసుకున్నాడు. ఎండుకట్టెలా తేలిగ్గా ఉన్నాడు ఆయన. తలుపు చెక్కలు ఒక్కొక్కటే చీలుతున్నాయి, నీళ్లలో ధూమకంఠుడు మోచేతుల మీద లేస్తున్నాడు. కంత అంచున నిలబడితే కింద సుడిగుండం గుండ్రంగా తిరుగుతూ నల్లగా నోరు తెరిచింది.

"మీ నాన్నని చూశావా?" అన్నాడు వేదగర్భుడు అతని చెవిలో. గొంతు చాలా నీరసంగా ఉంది.

"చూశాను తాతా."

"కనుబొమ సరిగ్గా చూశావా? మళ్లీ చూద్దామంటే లేదు."

"చూశాను."

"అయితే పద."

వెనక తలుపు విరిగిపడింది. పుష్కరుడు తాతను రెండు చేతులతో బిగించి పట్టుకుని దూకాడు.